పైదవడలో చిక్కుబడిన కోరపన్ను: ఎందరిలో ఉంటుంది? ఎప్పుడు గుర్తించాలి?

ఉపోద్ఘాతం

బిడ్డకు మొదటి పాలపన్ను ఊడిన రోజు ఇంటిల్లిపాదికీ గుర్తుంటుంది. ఊడిన పన్నును పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసిరే ఆచారాన్ని మన పెద్దలు తెలుగునేల నుంచి సోలాపూరుకు వెంట తెచ్చుకున్నారు. ఊడిన పన్ను మీద ఇంత శ్రద్ధ చూపే మనం, ఊడవలసిన వయస్సు దాటినా ఊడని పన్నును మాత్రం పట్టించుకోము. పదమూడేళ్ల పిల్ల నోటిలో ఒక పాలపన్ను కదలకుండా నిలిచి ఉంటే ‘గట్టి పన్ను’ అని సంతోషిస్తాము. దాని పైన, ఎముక లోపల, రావలసిన శాశ్వతదంతం దారి తప్పి ఉండవచ్చునన్న ఆలోచన మనకు రాదు.

అలా దారి తప్పి, దవడ ఎముకలోనే నిలిచిపోయే పైకోరపన్ను గురించినది ఈ పాఠం. ఇది ఎందరిలో కనిపిస్తుంది, ఆ సంఖ్యను ఎలా చదవాలి, ఏ వయస్సులో ఇంట్లోనే అనుమానించవచ్చు, అనుమానం కలిగితే ఏమి చేయాలి అనే నాలుగు విషయాలను క్రమంగా తెలుసుకుందాం. దంతవైద్యశాలల్లో తీసిన లెక్కలు విని కొందరు భయపడతారు. మరికొందరు ‘నూటికి ఇద్దరికే కదా’ అని తేలికగా తీసుకుంటారు. ఈ రెండూ లెక్కను సరిగా చదవకపోవడం వల్ల కలిగే పొరపాట్లే.

1. కోరపన్ను, దాని ప్రయాణం

పైదవడ నడుమ నుంచి ఏ పక్కకు లెక్కపెట్టినా మొదటి రెండూ కొరికే పళ్ళు. పాఠ్యపుస్తకాలలో వీటిని కుంతకాలు అంటారు. మూడవది మొనదేలిన కోరపన్ను. దీనికి శాస్త్రగ్రంథాలలో రదనిక అని పేరు. ఆ తరువాత నమిలే పళ్ళు మొదలవుతాయి. కోరపన్నును మరాఠీలో సుళా అని, కన్నడంలో కోరెహల్లు అని, తమిళంలో కోరైప్పల్ అని అంటారు. వైద్యునితో ఏ భాషలో మాట్లాడవలసి వచ్చినా, నడుమ నుంచి మూడవ పన్ను అని వేలితో చూపితే పొరపాటుకు తావుండదు.

కోరపన్ను దంతవరుస మలుపు తిరిగే చోట మూలస్తంభంలా నిలుస్తుంది. పెదవి మూలకు ఆధారమిస్తుంది. దవడను పక్కకు కదిపినప్పుడు వెనుక పళ్ళ మీద పడవలసిన ఒత్తిడిని తాను భరిస్తుంది. నోటిలోని పళ్ళన్నింటిలోకి పొడవైన వేరు పైకోరపన్నుదే. అందువల్లనే మిగిలిన పళ్ళు కదిలిపోయిన వృద్ధులలో కూడా తరచుగా ఈ పన్ను మిగిలి ఉంటుంది.

ఇంతటి ముఖ్యమైన పన్ను నోటిలోకి చేరడానికి సుదీర్ఘమైన దారి నడవవలసి ఉంటుంది. బిడ్డ పుట్టిన నాలుగైదు నెలలకే ఎముక లోపల ఇది గట్టిపడటం మొదలవుతుంది. ఆరేడు సంవత్సరాల వయస్సుకు దాని తలభాగం పూర్తిగా రూపొందుతుంది. అప్పటికి అది ముక్కుకు పక్కన, దవడ ఎముకలో చాలా ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి కిందికి, ముందుకు జరుగుతూ, పక్కనున్న కొరికే పంటి వేరును ఆనుకుని దారి చూసుకుంటూ దిగుతుంది. 5 నుంచి 15 సంవత్సరాల వయస్సు మధ్య పైకోరపన్ను సుమారు 22 మిల్లీమీటర్ల దూరం ప్రయాణిస్తుందని 1997లో ప్రచురితమైన కొలతలు తెలియజేశాయి.

కింది కోరపన్ను 9 లేదా 10 సంవత్సరాలకే వస్తుంది. పైకోరపన్ను సాధారణంగా 11 లేదా 12 సంవత్సరాలకు వస్తుంది. అప్పటికే దాని ముందున్న కొరికే పళ్ళు, వెనుకనున్న మొదటి నమిలే పన్ను తమ తమ స్థానాలలో స్థిరపడి ఉంటాయి. నిండిన బస్సులో చివరగా ఎక్కిన ప్రయాణికుని పరిస్థితి ఎటువంటిదో దీని పరిస్థితి అటువంటిది.

2. చిక్కుబడటం అంటే ఏమిటి?

రావలసిన వయస్సు గడిచి, వేరు చాలావరకు పెరిగిన తరువాత కూడా పన్ను నోటిలోకి రాకుండా ఎముకలోనో చిగురు లోపలనో నిలిచిపోతే దానిని చిక్కుబడిన పన్ను అంటాము. ఇక్కడ మూడు స్థితులను వేరువేరుగా గుర్తించాలి.

మొదటిది కేవలం ఆలస్యం. పన్ను సరైన దారిలోనే ఉండి, కొన్ని నెలలు వెనుకబడి వస్తుంది. రెండవది వరుస తప్పి రావడం. చోటు చాలక పన్ను మీద పన్నుగా, పెదవి వైపు ఎత్తున మొలుస్తుంది. ఇది అద్దంలో కనిపిస్తుంది గనుక తల్లిదండ్రులు త్వరగానే గమనిస్తారు. మూడవది చిక్కుబడటం. ఇది కనిపించదు, సాధారణంగా నొప్పి పెట్టదు. పాలకోర ఊడకుండా ఉండటం వల్ల వరుసలో ఖాళీ కూడా తెలియదు. వైద్యునికైనా, తల్లిదండ్రులకైనా ఇది సులువుగా తప్పిపోవడానికి కారణం ఈ నిశ్శబ్దమే.

నోటిలో అన్నింటికన్నా ఎక్కువగా చిక్కుబడేవి జ్ఞానదంతాలు. వాటి తరువాతి స్థానం పైకోరపళ్ళదే. జ్ఞానదంతం రాకపోయినా భోజనానికి గాని ముఖానికి గాని పెద్ద లోటు ఉండదు. కోరపన్ను విషయం అట్లా కాదు.

3. ఎందరిలో కనిపిస్తుంది?

వివిధ దేశాలలో జరిగిన పరిశీలనలను కలిపి చూస్తే, సాధారణ జనంలో సుమారు నూటికి ఒకరి నుంచి ముగ్గురి వరకు ఈ స్థితి ఉంటుందని దంతవైద్య గ్రంథాలు చెబుతాయి. అమెరికాలో 1961లో ప్రచురితమైన ఒక పరిశీలనలో 3,874 మంది నోటి ఎక్స్‌రేలను చూసి, పైకోరపన్ను చిక్కుబడినవి 0.92 శాతమని తేల్చారు. స్వీడన్‌లో ఎరిక్సన్, కురోల్ అనే ఇద్దరు దంతవైద్యులు 1980 దశకంలో బడిపిల్లలను పరీక్షించి, పైకోరపన్ను దారి తప్పినవారు సుమారు 1.7 శాతమని అంచనా వేశారు.

స్త్రీలలో ఇది పురుషులలో కన్నా దాదాపు రెండింతలు కనిపిస్తుంది. ఎక్కువమందిలో ఒక పక్కనే ఉంటుంది. కొద్దిమందిలో రెండు పక్కలా ఉంటుంది. ఐరోపా జాతులలో పన్ను ఎక్కువగా అంగిలి వైపుకు తప్పుతుంది. చైనా, జపాన్ వంటి తూర్పు ఆసియా దేశాల ప్రజలలో పెదవి వైపుకు తప్పడం ఎక్కువ. కాబట్టి ఒక దేశపు లెక్కను మరొక దేశానికి యథాతథంగా అన్వయించడం సరికాదు.

4. లెక్కను చదివే పద్ధతి

ఒక దంతవైద్యశాల తన రోగులలో నూటికి ఎనిమిది మందికి కోరపన్ను చిక్కుబడి ఉందని ప్రకటించిందనుకుందాం. సాధారణ జనంలో ఒకటి నుంచి మూడు అని ఇప్పుడే చదివాము. రెండింటిలో ఏది నిజం? రెండూ నిజమే కావచ్చు.

మన నగరంలో మగ్గం తెలియని ఇల్లు తక్కువ. మగ్గం దిగిన దుప్పట్లన్నింటిలో నూటికి ఎన్నింటిలో పోగు తప్పిందో లెక్కిస్తే ఒక సంఖ్య వస్తుంది. సరిచేయడానికి పక్కన పెట్టిన గుట్టలో మాత్రమే లెక్కిస్తే అంతకన్నా పెద్ద సంఖ్య వస్తుంది. అంతమాత్రాన మగ్గం చెడిపోయిందని ఎవరూ అనరు. దంతవైద్యశాలకు వచ్చేవారు ఆ పక్కన పెట్టిన గుట్ట వంటివారు. పళ్ళలో ఏదో తేడా ఉందని తోచినవారే అక్కడికి వస్తారు.

దీనిని ఒక కల్పిత లెక్కతో చూద్దాం. ఒక పట్టణంలో పదమూడేళ్లు దాటిన పిల్లలు 10,000 మంది ఉన్నారనీ, వారిలో 200 మందికి కోరపన్ను చిక్కుబడి ఉందనీ అనుకుందాం. పట్టణపు లెక్క 2 శాతం. ఆ ఏడాది 1,500 మంది పిల్లలు ఏదో ఒక కారణంతో దంతవైద్యశాలకు వచ్చారు. వారిలో ఈ స్థితి ఉన్నవారు 60 మంది. అక్కడి లెక్క 4 శాతం. వచ్చినవారిలో 500 మందిని పళ్ళ వరుస సరిచేసే విభాగానికి పంపారు. అక్కడ ఈ స్థితి ఉన్నవారు 40 మంది. ఆ విభాగపు లెక్క 8 శాతం. పట్టణం ఒకటే, పిల్లలు వారే. రెండు, నాలుగు, ఎనిమిది అనే మూడు సంఖ్యలూ సరైనవే. ఏ గుంపులో లెక్కించారన్నదే తేడా.

మరికొన్ని తేడాలను కూడా గమనించాలి. మనుషులను లెక్కించారా, పళ్ళను లెక్కించారా? పై 200 మందిలో 20 మందికి రెండు పక్కలా చిక్కుబడి ఉంటే, చిక్కుబడిన పళ్ళు 220. పదివేల మందికి ఉండవలసిన పైకోరలు 20,000. పళ్ళ లెక్కన అది 1.1 శాతమే. ఏ వయస్సులో లెక్కించారన్నది కూడా ముఖ్యం. స్వీడన్‌లో 505 మంది బడిపిల్లలను పరీక్షించినప్పుడు, చిగురు పైభాగాన కోరపంటి ఉబ్బు వేలికి తగలనివారు 10 సంవత్సరాల వయస్సులో 29 శాతం, 11 సంవత్సరాలకు 5 శాతం, ఆ పై వయస్సులో 3 శాతం ఉన్నారు. పదేళ్ల వయస్సులోనే లెక్క ముగించి ఉంటే, ఇంకా దిగుతున్న పళ్ళను కూడా చిక్కుబడినవిగా రాసుకునే ప్రమాదం ఉండేది.

ఇక అన్నింటికన్నా ముఖ్యమైనది ఒకటి ఉంది. మన కల్పిత లెక్కలో దంతవైద్యశాలకు వచ్చినవారు 60 మంది. మిగిలిన 140 మంది ఎక్కడ ఉన్నారు? నొప్పి లేదు కాబట్టి వారు రాలేదు. పాలపన్ను గట్టిగా ఉంది కాబట్టి ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆస్పత్రి పుస్తకంలో వారి పేరు లేదు. ఆస్పత్రి లెక్క వచ్చినవారిని గురించి మాత్రమే చెప్పగలదు. రానివారిని వెతికి పట్టుకోవలసినది ఇల్లు, బడి.

5. ఎందుకు చిక్కుబడుతుంది?

పెదవి వైపు చిక్కుబడిన పళ్ళకు ముఖ్యకారణం చోటు చాలకపోవడం. అంగిలి వైపు చిక్కుబడిన పళ్ళ విషయంలో చోటు చాలినంత ఉన్నా దారి తప్పుతుంది. 1983లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం, అంగిలి వైపు చిక్కుబడినవాటిలో 85 శాతానికి వరుసలో చోటు ఉంది. పెదవి వైపు చిక్కుబడినవాటిలో 17 శాతానికి మాత్రమే చోటు ఉంది.

చోటు ఉన్నా దారి ఎందుకు తప్పుతుందన్న దానికి రెండు వివరణలు ఉన్నాయి. పక్కనున్న రెండవ కొరికే పన్ను చిన్నదిగా, మేకు ఆకారంలో ఉంటే, లేదా పుట్టుకతోనే లేకపోతే, కోరపన్ను ఆనుకుని దిగడానికి ఆధారం కరువవుతుందని ఒక వివరణ. ఇది వంశపారంపర్యంగా వచ్చే లక్షణమని, చిన్న పళ్ళు, లేని పళ్ళు, దారి తప్పిన కోరలు ఒకే కుటుంబాలలో కలిసి కనిపిస్తాయని రెండవ వివరణ. తల్లికో, మేనమామకో, అక్కకో ఈ స్థితి ఉంటే పిల్లల విషయంలో జాగ్రత్తపడాలన్నది రెండింటి నుంచీ మనం గ్రహించవలసిన విషయం.

6. పట్టించుకోకపోతే ఏమవుతుంది?

కొందరిలో ఏమీ కాదు. జీవితాంతం పన్ను ఎముకలో మౌనంగా ఉండిపోతుంది. అయితే కొందరిలో అది పక్కపళ్ళ వేళ్లను ఒరుసుకుని క్రమంగా కరిగిస్తుంది. స్వీడన్‌కు చెందిన ఆ వైద్యులే 2000లో సీటీ స్కాన్ సాయంతో 107 మంది పిల్లలలో దారి తప్పిన 156 కోరపళ్ళను పరిశీలించారు. వాటి పక్కనున్న రెండవ కొరికే పళ్ళలో 38 శాతానికి, మొదటి కొరికే పళ్ళలో 9 శాతానికి వేరు కరిగి ఉన్నట్లు తేలింది. ఈ సంఖ్య చూసి కలవరపడకముందు ముందటి పాఠాన్ని గుర్తుచేసుకోవాలి. ఇది పిల్లలందరి లెక్క కాదు, పన్ను దారి తప్పినట్లు ముందే తెలిసిన పిల్లల లెక్క. అయినా ఆ పిల్లల పాలిట ఇది చిన్న విషయం కాదు. వేరు కరుగుతున్నప్పుడు నొప్పి ఉండదు. ముందుపన్ను కదిలేనాటికి వేరులో చాలాభాగం పోయి ఉండవచ్చు.

కొన్ని సందర్భాలలో చిక్కుబడిన పంటి చుట్టూ నీటితిత్తి ఏర్పడి ఎముకను లోపలి నుంచి తొలుస్తుంది. పాలకోర చివరకు ఏ ముప్పై ఏళ్లకో నలభై ఏళ్లకో అరిగి ఊడిపోతే, అప్పుడు ఆ స్థానం ఖాళీ అవుతుంది. ఆ వయస్సులో లోపలి పన్నును దించడం కష్టం.

7. ఇంట్లోనూ బడిలోనూ గుర్తించడం

తొమ్మిది, పది సంవత్సరాల వయస్సు నుంచి ఏడాదికొకసారి ఈ పరీక్ష చేయవచ్చు. చేతులు శుభ్రంగా కడుక్కుని, బిడ్డ పైపెదవిని కొద్దిగా ఎత్తి, పాలకోరకు పైన, చిగురుకూ పెదవికీ నడుమ ఉన్న మడతలో చూపుడువేలిని మెల్లగా ఆనించాలి. లోపల దిగుతున్న కోరపన్ను అక్కడ గట్టి ఉబ్బుగా వేలికి తగులుతుంది. రెండు పక్కలా పోల్చి చూడాలి. నొక్కవలసిన పని లేదు. బిడ్డకు నొప్పి కలగకూడదు.

కింది లక్షణాలలో ఏ ఒక్కటి ఉన్నా దంతవైద్యుని సంప్రదించాలి.

పదకొండేళ్లు నిండినా ఉబ్బు తగలకపోవడం, లేదా ఒక పక్క తగిలి మరొక పక్క తగలకపోవడం.

ఒక పక్క కోరపన్ను వచ్చి ఆరు నెలలు గడిచినా రెండవ పక్క రాకపోవడం.

పన్నెండు, పదమూడేళ్లకు కూడా పాలకోర కదలకుండా ఉండటం.

రెండవ కొరికే పన్ను మరీ చిన్నదిగా ఉండటం, లేకపోవడం, పక్కకు ఒరగడం లేదా కదలడం.

అంగిలి వైపున గట్టి ఉబ్బు కనిపించడం.

దగ్గరి బంధువులలో ఎవరికైనా ఈ స్థితి ఉండటం.

వేలిపరీక్ష అనుమానం కలిగిస్తుందే గాని నిర్ధారణ చేయదు. నిర్ధారణకు ఎక్స్‌రే కావాలి. రోంట్‌జెన్ 1895లో ఎక్స్‌కిరణాలను కనుగొన్న కొద్ది వారాలకే, 1896 ఆరంభంలో, జర్మనీలో పళ్ళ ఎక్స్‌రే తీశారు. అయితే ఒక్క చిత్రంలో పన్ను కనిపిస్తుందే గాని అది పెదవి వైపు ఉందో అంగిలి వైపు ఉందో తెలియదు. అందుకని వైద్యులు యంత్రాన్ని కొద్దిగా పక్కకు జరిపి రెండవ చిత్రం తీస్తారు. రైలులో వెళ్తున్నప్పుడు దగ్గరి స్తంభాలు వెనక్కు పోతున్నట్లు, దూరపు కొండలు మనతోపాటు వస్తున్నట్లు కనిపిస్తాయి కదా. అట్లాగే యంత్రం జరిగిన వైపుకే పన్ను కూడా జరిగినట్లు కనిపిస్తే అది దూరాన, అంటే అంగిలి వైపు ఉన్నట్లు. ఎదురు దిశకు జరిగితే పెదవి వైపు ఉన్నట్లు. 1910 నుంచి వాడుకలో ఉన్న ఈ సూత్రం ఇప్పటికీ ఉపయోగపడుతోంది. ఇంతకన్నా వివరం అవసరమైనప్పుడే స్కాన్ తీస్తారు. కాబట్టి రెండవ ఎక్స్‌రే ఎందుకని సందేహించవలసిన అవసరం లేదు.

8. చికిత్స

త్వరగా గుర్తిస్తే చికిత్స చాలా చిన్నది. పది నుంచి పదమూడేళ్ల లోపు, వరుసలో చోటు ఉన్నప్పుడు, వైద్యుడు పాలకోరను తీసివేసి శాశ్వతకోరకు దారి ఇస్తాడు. 1988లో ఎరిక్సన్, కురోల్ ప్రచురించిన అధ్యయనంలో ఇటువంటి 46 కోరపళ్ళలో 36, అంటే 78 శాతం, సరైన దారికి వచ్చాయి. పన్ను తక్కువగా దారి తప్పినప్పుడు, అంటే దాని మొన పక్కనున్న కొరికే పంటి మధ్యగీతను దాటనప్పుడు 91 శాతం సరయ్యాయి. దాటిన తరువాత 64 శాతమే సరయ్యాయి. ఆలస్యానికి మూల్యం ఈ రెండు సంఖ్యల మధ్య తేడాలో కనిపిస్తుంది.

ఇక్కడ కూడా లెక్కను జాగ్రత్తగా చదవాలి. ఆ అధ్యయనంలో పాలకోర తీయని పిల్లలతో పోలిక లేదు. స్వీడన్‌లోనే 2015లో ప్రచురితమైన మరొక పరిశోధన ఈ పోలిక చేసింది. పాలకోర తీసిన పక్కన 69 శాతం, తీయని పక్కన 39 శాతం కోరపళ్ళు వాటంతట అవి వచ్చాయి. అంటే పది పాలకోరలు తీస్తే సుమారు ఏడు శాశ్వతకోరలు వస్తాయి. వాటిలో నాలుగు తీయకపోయినా వచ్చేవే. మిగిలిన మూడు తీయడం వల్ల వచ్చినవి. పదింటికి మూడు పళ్ళను శస్త్రచికిత్స లేకుండా కాపాడటం చిన్న ప్రయోజనం కాదు. కాని ఇది తప్పక ఫలిస్తుందన్న హామీ కూడా కాదు. అందువల్ల తీసిన తరువాత వైద్యుడు చెప్పిన గడువులో మళ్లీ ఎక్స్‌రే తీయించుకోవాలి. ఏడాది గడిచినా మార్పు లేకపోతే తరువాతి చికిత్స ఆలోచిస్తారు.

ఆ తరువాతి చికిత్సలో చిగురును కోసి, లోపలి పన్నును బయటపెట్టి, దానికి చిన్న గొలుసు అతికించి, పళ్ళకు వేసిన క్లిప్పుల సాయంతో మెల్లమెల్లగా వరుసలోకి లాగుతారు. ఇది ఫలితమిచ్చే చికిత్సే. కాని మొత్తం మీద రెండేళ్లో అంతకన్నా ఎక్కువో పట్టవచ్చు. నెలనెలా వైద్యుని వద్దకు వెళ్లాలి. ఖర్చు కూడా ఎక్కువే. వయస్సు పెరిగేకొద్దీ పన్ను ఎముకకు అతుక్కుపోయే అవకాశం ఎక్కువై, లాగినా కదలకపోవచ్చు. అటువంటప్పుడు పన్నును తీసివేయడమో, అట్లాగే ఉంచి అప్పుడప్పుడు ఎక్స్‌రేతో గమనించడమో చేస్తారు. ఏది మంచిదన్నది పన్ను ఉన్న తీరును బట్టి వైద్యుడు, కుటుంబం కలిసి నిర్ణయించుకోవలసిన విషయం.

9. రెండు అపోహలు

పైకోర తీయిస్తే చూపు దెబ్బతింటుందని మన ఇళ్లలో చాలామంది పెద్దలు నమ్ముతారు. కోరపన్ను కంటికి సూటిగా కింద ఉండటం వల్ల ఈ నమ్మకం ఏర్పడి ఉండవచ్చు. కాని చూపును మెదడుకు చేర్చే నాడి వేరు, పైపళ్ళ స్పర్శను చేర్చే నాడి వేరు. పాలకోరను తీయడం వల్ల చూపు తగ్గదు. ఈ భయంతో వాయిదా వేస్తే, చిన్న చికిత్సతో సరిపోయే గడువు చేజారుతుంది.

పన్ను మీద పన్ను ఉంటే అదృష్టమన్నది రెండవ నమ్మకం. ఆ నమ్మకం వల్ల నష్టం లేదు గాని, దాని కారణంగా పరీక్షను మానుకోకూడదు. ఒక పక్క కోర ఎత్తున మొలిచిన పిల్లకు రెండవ పక్క కోర అసలు వచ్చిందా లేదా అన్నది చూడాలి.

10. మన నగరంలో ఏమి చేయాలి?

2013లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలలోని 6 నుంచి 18 సంవత్సరాల పిల్లలకు ఏడాదికొకసారి ఆరోగ్యపరీక్ష జరగాలి. పరీక్షించవలసిన అంశాలలో దంతసమస్యలు కూడా ఉన్నాయి. వైద్యబృందం బడికి వచ్చే రోజును ఉపాధ్యాయులు ముందుగా తెలియజేస్తే, తల్లిదండ్రులు తమ అనుమానాన్ని చీటీ మీద రాసి పంపవచ్చు. ‘పాలకోర ఊడలేదు, వయస్సు పన్నెండు’ అన్న రెండు ముక్కలు చాలు. ప్రైవేటు బడులలో చదివే పిల్లల తల్లిదండ్రులు తామే చొరవ తీసుకోవాలి.

తరువాతి పరీక్షకు వైద్యకళాశాలకు అనుబంధమైన మన సివిల్ ఆస్పత్రిలోని దంతవిభాగానికి వెళ్లవచ్చు. అవసరమైతే వారు ప్రభుత్వ దంతవైద్యకళాశాలకు పంపుతారు. అటువంటి కళాశాలలు మహారాష్ట్రలో ముంబై, నాగపూర్ వంటి నగరాలలో ఉన్నాయి. బీడీలు చుట్టే తల్లికి, మిల్లులో పాళీ మీద పనిచేసే తండ్రికి ఒక రోజు కూలి పోవడం చిన్న విషయం కాదు. కాని పదకొండేళ్లకు పోయే ఒకటి రెండు రోజులకూ, పదిహేనేళ్లకు మొదలై రెండేళ్లు సాగే చికిత్సకూ పోలిక లేదు.

సారాంశం

పైకోరపన్ను చిక్కుబడటం సాధారణ జనంలో నూటికి ఒకరి నుంచి ముగ్గురిలో కనిపించే స్థితి. దంతవైద్యశాలల లెక్కలో ఇది ఎక్కువగా కనిపించడానికి కారణం అక్కడికి వచ్చేవారి గుంపు వేరు కావడం. సంఖ్య చిన్నదిగా తోచినా, వెయ్యిమంది పిల్లలున్న బడిలో అది పది నుంచి ముప్పై మంది పిల్లలు. వారిని ముందుగా గుర్తించడానికి పది, పదకొండేళ్ల వయస్సులో ఒక వేలిపరీక్ష, అనుమానం కలిగితే ఎక్స్‌రే చాలు. ఈ రాత్రి భోజనాల తరువాత మీ ఇంటి పిల్లల నోటిలో నడుమ నుంచి మూడవ పన్నును ఒకసారి చూడండి.

అభ్యాసం

1. పైకోరపన్ను వరుసలోకి చివరగా చేరడం వల్ల దానికి కలిగే ఇబ్బంది ఏమిటి?

2. ఒక వైద్యశాలలో 8 శాతం, పట్టణంలో 2 శాతం అన్న రెండు లెక్కలూ ఏకకాలంలో ఎట్లా నిజం కాగలవు?

3. ఒక బడిలో 600 మంది పిల్లలు ఉన్నారు. వారిలో 9 మందికి ఈ స్థితి ఉంది. 9 మందిలో ఒకరికి రెండు పక్కలా ఉంది. పిల్లల లెక్కన శాతమెంత? పైకోరపళ్ళ లెక్కన శాతమెంత?

4. పదేళ్ల పిల్లవానికి ఉబ్బు తగలకపోవడానికీ, పన్నెండేళ్ల పిల్లవానికి తగలకపోవడానికీ తేడా ఏమిటి?

5. పాలకోర తీయవద్దని ఇంట్లో పెద్దలు అభ్యంతరం చెబితే, వారికి గౌరవం తగ్గకుండా మీరు ఏమని వివరిస్తారు?

మూడవ ప్రశ్నకు జవాబు: పిల్లల లెక్కన 1.5 శాతం. పళ్ళ లెక్కన 1,200 పైకోరలకు 10, అంటే సుమారు 0.83 శాతం.